అందరి జీతాలూ కనిపించే గోడ

ఆడవాళ్ళ వయసూ మగవాళ్ళ జీతమూ అడగకూడదని మన కాలంలో అనేవారు కదా, ఇప్పుడు కూతుళ్ళ జీతం కూడా ఆ జాబితాలో చేరినట్టుంది. మొన్న కొత్త ఉద్యోగంలో చేరిన మా అమ్మాయిని ఎంతిస్తున్నారే అని అడిగితే, "కాన్ఫిడెన్షియల్ లా అమ్మా, పక్క సీటు వాళ్ళకే చెప్పం" అంది, ఇక్కడి వాళ్ళ మాటతీరులో ఆ "లా" తగిలించి. నాకు కోపం రాలేదు గానీ, ఈ దేశం వచ్చిన కొత్తలో సెరంగూన్ పేటలో నేను మొదట పనిచేసిన చిన్న కంపెనీ గుర్తొచ్చి ఆ పూటంతా మనసు అక్కడే తిరిగింది.

కంప్యూటర్ వచ్చిన ప్రతివాడికీ విమానం టికెట్ దొరికిన రోజులవి. ఒక షాపు పై అంతస్తులో మేం ఆరుగురం ప్రోగ్రాములు రాసేవాళ్ళం. మా యజమాని హైదరాబాదీ, అందరికీ భాయ్. మిగతా చోట్ల మనిషిని ఏ బ్యాంకుకో పనికి పంపి, వాళ్ళ దగ్గర ఎంత పుచ్చుకుంటున్నారో ఆ మనిషికి తెలియనిచ్చేవారు కాదు. ఈయన మాత్రం ఒక్కొక్కరి మీద వచ్చేదెంత, జీతమెంత, ఆఫీసు అద్దె ఎంత, మిగిలిందెంత, అన్నీ పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, నెలనెలా నింపి, టీ కాచుకునే గదిలో గోడకు అతికించేవారు. పై వరసలో ఆయన జీతం, కింద మావి. "ఇంట్ల బియ్యం ఎన్నున్నయో ఇంట్లోళ్ళకు తెల్వకుంటే ఎట్లమ్మా?" అనేవారు. నా తర్వాత చేరిన అతనికి నాకంటే ఎక్కువని చూసి రెండు రోజులు మూతి ముడుచుకుని, ఆనక అతని పని చూసి నోరు మూసుకున్నదాన్ని నేనే.

ఆ జోరు తగ్గి కాంట్రాక్టులు ఒక్కొక్కటే పోతున్నప్పుడు ఆ కాగితమే మాకు జాతకమైంది. నెల మొదట్లో వెళ్ళి, ఎవరి వరస వాళ్ళం చూసుకుని, జీతం తగ్గలేదని ఊపిరి పీల్చుకుని, టీ కప్పులతో సీట్లకు తిరిగొచ్చేవాళ్ళం. చివరికి మా అందరికీ వేరే చోట్ల ఉద్యోగాలు మాట్లాడిపెట్టాకే ఆయన కంపెనీ మూసేశారు. గుర్తుగా ఉంటుందని ఆ కాగితం అడిగి తీసుకుని, క్లెమెంటిలో ఇంటికి వెళ్ళే రైల్లో విప్పి చూశాను. పై వరసలో, ఆఖరి ఐదు నెలల గళ్ళలోనూ సున్నాలే.

ఆయన ఏమీ దాచలేదు. పూటకోసారి ఆ గోడ ముందే టీ కలుపుకున్న మేమే చూడలేదు. ఫోన్ చేద్దామనుకుంటూనే సిగ్గుతో ఏళ్ళు గడిపేశాను, ఇప్పుడు ఆయన లేరు. ఈ రోజుల్లో చూస్తామన్నా చూపించేవాళ్ళు లేరు, నాకేమో చూడటం ఇప్పుడొచ్చింది. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి, టీ మాట తర్వాత, ముందు "మీ ఇల్లెలా గడుస్తోంది భాయ్?" అని అడగాలని ఉంది.