దొరల మేడకు దొంగ కిటికీలు

రాజమండ్రిలో మా సోదర సంఘం మేడను ఆనకట్ట పనులకొచ్చిన దొరలు కట్టించారని చెబుతారు. రెండడుగుల మందం గచ్చు గోడలు, బర్మా టేకు దూలాలు, సభ జరిగే హాల్లో నలుపూ తెలుపూ గళ్ళ రాతి నేల. తూర్పున వీధివైపు నాలుగు కిటికీలు కనిపిస్తాయి గానీ, నాలుగూ దొంగ కిటికీలే. బయట రెక్కలు, వాటి వెనక ఇటుక గోడ. లోపల జరిగేది లోకం చూడకూడదు కదా మరి!

ఆ గుట్టులో నాకూ వాటా ఉంది. దొరలు నేర్పిపోయిన రహస్య తంతులు జరుపుకునే ఆ సంఘంలో పదిహేనేళ్ళుగా సభ్యుణ్ణి. నెలకో సాయంత్రం, సభలో నడుముకు కట్టుకునే తెల్ల ఏప్రన్ సంచీలో పెట్టుకుని బయలుదేరుతుంటే, "అక్కడేం చేస్తారండీ?" అని మా ఆవిడ అడిగేది. నేను గంభీరంగా ఊరుకునేవాణ్ణి. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన నాకు ఇంట్లో కాస్త గౌరవం తెచ్చిపెట్టింది ఆ మౌనమొక్కటే. ఆ రోజు కాఫీ అడక్కుండానే వచ్చేది.

నిరుడు వరసగా ఇద్దరు అధ్యక్షులు మంచం పట్టారు. డాక్టర్లూ ప్లీడర్లూ ఇంజనీర్లూ నిండిన మా సంఘం బాగా ఆలోచించి వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. తీరా ఆయన వచ్చాక, బయటివాళ్ళను హాల్లోకి రానివ్వకూడదని గుర్తొచ్చింది. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, హాలు ఎలా ఉంటుందో నోటితోనే చెప్పాం. అదీ సగమే. మిగతాది రహస్యం.

ఆయన కళ్ళు మూసుకుని, "తూర్పు బిగించేశారండి. ఒక కిటికీ తెరిపించండి. సభ జరుగుతున్నంతసేపూ మూయకండి" అన్నారు.

మేస్త్రీలు వారం రోజులు ఆ గోడతో కుస్తీ పట్టారు. కిటికీలోంచి గాలీ వెలుతురుతో పాటు జనం చూపులు కూడా లోపలికొస్తాయని అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

తర్వాతి సభలో ఏప్రన్లు కట్టుకుని, కర్రలు పట్టుకుని గళ్ళ నేల మీద ప్రదక్షిణం చేస్తున్నాం. ముసలి ప్లీడరుగారు మంత్రం మరిచిపోతే వెనకనుంచి ఒకాయన అందిస్తున్నాడు. ఎదురుగా టిఫిన్ బండి దగ్గర జనం మమ్మల్నే చూస్తున్నారు. పెసరట్లు రాగానే అటు తిరిగిపోయారు. పూలు కొనడానికొచ్చిన మా ఆవిడ మాత్రం కదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళాక కంచం పెడుతూ అడిగింది.

"ఇంతేనాండీ?"

"ఇంకా చాలా ఉంది. చెప్పకూడదు" అన్నాను.

ఆవిడ నాకేసి జాలిగా చూసి, "పోన్లెండి, నేనెవరికీ చెప్పన్లెండి" అంది.