షరీఫా అక్క కట్టిన నల్లగుడ్డ

సాయంత్రం నరసరావుపేటలో గ్రౌండు పక్కగా వస్తుంటే, ఆడపిల్లలెవరో కబడ్డీ కూత పెడుతున్నారు. నా కాళ్ళు ఆగిపోయాయి. ఏ కూత విన్నా నాకు షరీఫా అక్కే గుర్తొస్తుంది. ముప్పాళ్ళ నుంచి కాలేజీ చదువుకొచ్చి నేను అద్దెకు దిగిన గది పక్కనే ఆమె ఒంటరిగా ఉండేది. దేశం తరఫున ఆడే మనిషి, నాకు ఆట నేర్పడానికి పూనుకుంది. "ఏందే ఆ గొణుగుడు? గీత అవతలోళ్ళకి వినబడొద్దా?" అని కసిరేది.

ఆ ఏడు విదేశంలో జరిగిన పోటీల్లో వాళ్ళ జట్టు గెలిచింది. పతకాలిచ్చేటప్పుడు అక్క ఒక్కతే చేతికి నల్లగుడ్డ కట్టుకుని నిలబడింది. ఆ ఫోటో ఫోన్లలో మా వీధికి చేరింది. ఇంకేముంది, ఎవరన్నా పోతేనే ఆటగాళ్ళు అట్టా కడతారని, సత్తెనపల్లిలో వాళ్ళమ్మ పోయిందనుకున్నారు అందరూ! చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అక్క బస్సు దిగి వచ్చేసరికి అరుగు నిండా అన్నం క్యారేజీలే. ఎదురింటి కోటమ్మ పెద్దమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చేసింది.

"మీ అమ్మ ఎట్టా పోయిందే తల్లీ?"

"మా అమ్మకేంది, గుండ్రాయిలాగుంది!" అని అక్క పకపకా నవ్వింది. తర్వాత ఆ అన్నమే అందరికీ వడ్డిస్తూ సంగతి చెప్పింది. "జట్టులో చిన్నపిల్లల మీద, మమ్మల్ని నడిపించే ఒక పెద్దమనిషి చేతులేస్తన్నాడు పెద్దమ్మా. ఎంత చెప్పినా పైవాళ్ళు వినలా. నలుగురూ చూసే చోట కట్టుకుంటేనన్నా ఎందుకని అడుగుతారని కట్టుకున్నా."

"ఆడి చేతులు పడిపోను!" అంది పెద్దమ్మ, ముద్ద పక్కన పెట్టి.

పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనలేదు. అక్కనే ఆడకుండా నిషేధించారు. క్షమాపణ చెబితే మళ్ళీ తీసుకుంటామని కబురు పంపారు. ఆమె బెంగ చూడలేక నేనే బతిమాలాను. "చెప్పెయ్యక్కా, ఒక్క మాటేగా."

"చెప్తే రేపే ఆడతానే. ప్రాణం లాగేస్తంది ఆడాలని. మరి ఆ పిల్లల మొహం ఎట్టా చూసేది?" అని కళ్ళు తుడుచుకుంది. ఎంత మొండిదమ్మా! ఫోన్లో మ్యాచ్ పెట్టుకుని, కూతకు వెళ్ళిన పిల్లతోపాటు తనూ ఊపిరి బిగబట్టేది.

నిరుడు అక్క జబ్బుచేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడిగాను, మళ్ళీ ఆ పతకాల మెట్టెక్కితే గుడ్డ కట్టుకుంటావా అని. "కట్టుకుంటా" అంది వెంటనే. నా చెయ్యి పట్టుకుని, "ముందు ఒక్కసారి ఆడనియ్యవే" అంది. ఆ నెలలోనే పోయింది. నిషేధం ఎవరూ ఎత్తెయ్యలేదు.

ఇప్పుడు నేను బళ్ళో పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లయినా భయపడుతూ ఏదో చెప్పుకోవడానికి వస్తే, పైవాళ్ళకు కోపమొచ్చినా సరే, ఆ పిల్ల పక్కన నిలబడతాను. అది అక్క నేర్పిందే. అందరూ ఆమె ధైర్యం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అక్క ఇంకొక్కసారి గీత దాటి కూతకు వెళ్తుంటే చూడాలని ఉంది.