సంగటి దేశం పక్కన టమోటా దేశం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఎవరు ఏ పని చెప్పినా కాదనకుండా తలూపితే, రెండో సంవత్సరం నుంచి జీవితం దానంతటదే సుఖంగా సాగిపోతుందని. (బాగా తలూపే మనిషికి రెండో సంవత్సరం ఇంకా ఎక్కువ పనులు చెబుతారని అప్పటికి తెలియదు.) పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరి, మదనపల్లె నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. చీర కట్టుకోవడం కొత్త. ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మంది నాకంటే పొడుగు. అందుకని గొంతు పెంచి పాఠం చెప్పేదాన్ని. పెంచితే నా గొంతు కీచుమనేది. కీచుమంటే పిల్లలు నవ్వేవాళ్లు. ఇలా సాగుతున్న నా పెద్దరికం మీదికి బడి వార్షికోత్సవం వచ్చి పడింది.

మా కరస్పాండెంట్ సార్‌కి ఆ ఏడు ప్రపంచ దేశాల కవాతు పెట్టాలని బుద్ధి పుట్టింది. ఒక్కో తరగతి ఒక్కో దేశం జెండా పట్టుకుని నడవాలి. అంతా ఖాయమయ్యాక ఒక రోజు నన్ను పిలిపించి, కుర్చీలో ముందుకు జరిగి, "ఎవుడో ఒకడు ఫోన్లో వీడియో తీస్తాడమ్మా. మన పిల్లోళ్ల చేతిలో ఇంకో దేశం జెండా కనపడతాది. సాయంత్రానికి వాట్సాప్‌లో ఊరంతా తిరగతాది. ఆ తలనొప్పి నాకొద్దు. దేశాలూ మీరే పుట్టించండి, జెండాలూ మీరే పుట్టించండి. నిజం జెండా ఒక్కటి కనపడిందా, వచ్చే ఏడు నీకీడ పని ఉండదు" అన్నారు. నేను అలవాటు ప్రకారం తలూపాను.

ఎనిమిదో తరగతిలో ఆ సంగతి ఎత్తింది సరిగ్గా భోజనాల గంటకు ముందు పీరియడ్‌లో. అది నా దురదృష్టం. "మీరే ఒక దేశం పెడితే దాని జెండా మీద ఏ గుర్తు పెడతారు?" అని అడిగాను. సింహమో, నెమలో, ఉదయించే సూర్యుడో వస్తాడని నా ఆశ. వెనక బెంచీ నుంచి సోమల పిల్ల లేచి, "సంగటి మేడం" అంది.

తరగతి గొల్లుమంది. ఆ పిల్ల సోమల దగ్గర పల్లె నుంచి వచ్చేది. రోజూ రాగిసంగటి తెచ్చుకుని, డబ్బా మూత అడ్డం పెట్టుకుని తినడం నేను చూస్తూనే ఉండేదాన్ని. మిగతావాళ్ల డబ్బాల్లో తెల్లటి అన్నం ఉండేది మరి. ఆ అడ్డం లేకుండా ఆమె పక్కన కూర్చుని తినే మనిషి ఒక్కతే, రామసముద్రం పిల్ల. ఈ పిల్ల వాళ్లమ్మ చేసిన టమోటా చట్నీ తెచ్చేది, ఇద్దరూ కలుపుకుని తినేవాళ్లు. పిల్లలు అట్లా నవ్వుతుంటే సోమల పిల్ల ముఖం వాడిపోయింది. నాకు ఉక్రోషం వచ్చి, కీచుగొంతుతోనే, "బాగుంది! మొదటి దేశం సంగటి దేశం" అని బోర్డు మీద రాసేశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. రామసముద్రం పిల్ల కూడా లేచింది. "మేడం, సంగటి దూరం నుంచి సూస్తే మట్టిగడ్డ మాదిరి ఉంటాది. టమోటా పెట్టండి, యాడ నుంచి సూసినా కనపడతాది. మా నాయన ఇప్పుడు గూడా తోటలో కాయ కోస్తానే ఉండాడు" అంది. పాపం, స్నేహితురాలిని నొప్పించాలని కాదు, నిజంగా జెండా మేలు కోరే అంది. కానీ మట్టిగడ్డ అనే మాట అననే అంది. సోమల పిల్ల ఆమె వైపు తిరగకుండానే, "ఉత్త టమోటా తింటే కడుపు నిండతాదా?" అంది. అంతే, తరగతి రెండు దేశాలుగా చీలిపోయింది. మధ్యాహ్నం ఇద్దరూ వేర్వేరు బెంచీల మీద కూర్చున్నారు. ఒకతి చట్నీ లేని సంగటి మింగలేక నీళ్లు తాగుతోంది. ఇంకొకతి ఉత్త అన్నంలో చట్నీ కలుపుకుని దిక్కులు చూస్తోంది. దేశాలు పుట్టించడం ఎంత సులువో, వాటి మధ్య మాటలు కలపడం అంత కష్టమని సోషల్ టీచరుగా నాకు ఆ రోజు తెలిసింది. సంధి కోసం రెండు జెండాలకూ ఒప్పుకున్నాను. సంధి మాత్రం కుదరలేదు.

బొమ్మల బాధ్యత డ్రాయింగ్ మాస్టారిది. తెలుగూ కన్నడా తమిళమూ కలిసే కుప్పం ఆయన. పిల్లలు రంగుల సార్ అనేవాళ్లు (చొక్కా మీద ఏదో ఒక రంగు మరక లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు). సంగటి కింద పేరు రాయమని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, "కష్టం మేడం. మా కుప్పంలో ఒక ఇంట్లో సంగటి అంటారు, పక్కింట్లో ముద్దె అంటారు, ఎదురింట్లో కళి అంటారు. ఒకటి రాస్తే ఇద్దరికి కోపం. మూడూ రాస్తే అది జెండా కాదు, బస్సు బోర్డు" అన్నారు. పేరు లేకుండానే గీసిచ్చారు. పచ్చని అరిటాకు మీద గుండ్రటి సంగటి ముద్ద, నడిమధ్య నెయ్యి గుంట.

కుట్టే పని మా అమ్మది. ఆమె మిషను ముందు కూర్చుని అరిటాకు కుట్టేసరికి ఇంట్లో ఉన్న పచ్చగుడ్డంతా అయిపోయింది. టమోటాకి ఎర్రగుడ్డ గుండ్రంగా కత్తిరించి తెల్లగుడ్డ మధ్యలో కుట్టి, "తొడిమెకి గుడ్డ లేదు. ఎర్రగా, గుండ్రంగా ఉండాది గదా, టమోటా అని ఎవురికి తెలీదు?" అంది. నేను జెండాను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూసి ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. (ప్రపంచ పటం పక్కనే నిలబడి రోజూ పాఠం చెప్పే మనిషిని! ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.)

వార్షికోత్సవం నాడు పొద్దున పిల్లలను వరుసలో నిలబెడుతుంటే కరస్పాండెంట్ సార్ వచ్చారు. రామసముద్రం పిల్ల చేతిలో జెండా చూసి ఆగిపోయారు.

"ఇదేందమ్మా?"

"టమోటా సార్."

"టమోటా యాడుండాది? ఇది జపాన్ జెండా! నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? తీసేయండి దీన్ని."

ఆయన వెళ్లిపోయారు. రామసముద్రం పిల్ల కర్రను రెండు చేతులతో బిగించి పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. ఆమెను ఓదార్చాల్సిన నేను వేదిక వెనక్కి వెళ్లి, కుర్చీల దొంతర చాటున నిలబడి, వచ్చే ఏడు పని లేదన్న సంగతి మా అమ్మకి ఎలా చెప్పాలా అని ఏడవడం మొదలుపెట్టాను. అక్కడికి సోమల పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో, వంటవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన ఒక పచ్చి మిరపకాయ. "మేడం, పిన్నీసు ఉండాదా?" అంది. నా దగ్గర ఉన్నది భుజం మీద పైట నిలబెట్టిన పిన్నీసొక్కటే. తీసిచ్చాను. (ఆ తర్వాత సభ మొత్తం పైట చేత్తో పట్టుకునే ఉన్నాను. చాలా వినయం గల టీచరని ఎవరో మెచ్చుకున్నారట.) ఇద్దరం వరుస దగ్గరికి వచ్చాక ఆ పిల్ల మిరపకాయను ఎర్ర గుండ్రం మీద తొడిమెలాగా గుచ్చి, స్నేహితురాలితో, "యాల ఏడుస్తావు? గట్టిగా పట్టుకో, నా పక్కనే నడువు" అంది. ఎన్నో రోజుల తర్వాత వాళ్లిద్దరి మధ్య మొదటి మాట అది.

ముఖ్య అతిథి, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. పిల్లలు వేదిక ముందుకు వచ్చేసరికి గాలికి మిరపకాయ తిరిగి తిరిగి, తొడిమె స్థానం వదిలేసి, టమోటా నడిమధ్యకు వచ్చి వేలాడుతోంది. సిస్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "ఇది ఏ దేశం తల్లీ?" అని అడిగింది. రామసముద్రం పిల్ల టమోటా అనబోయి, తలెత్తి మిరపకాయను చూసి, ఆ మాట మింగేసి, "సట్నీ దేశం సిస్టరమ్మా" అంది. పక్కనుంచి సోమల పిల్ల, "మాది సంగటి దేశం. పక్కపక్కనే ఉంటాం. వాళ్లు లేకుంటే మాది గొంతు దిగదు" అంది.

సిస్టరమ్మ పకపకా నవ్వింది. "షుగరుందని డాక్టరు నన్ను అన్నం మానేసి సంగటి తినమన్నప్పట్నించీ నేను మీ దేశంలోనే ఉండాను కదమ్మా! ఇన్నాళ్లకు జెండా సూస్తాండాను" అంది. మైదానమంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది కరస్పాండెంట్ సార్. "ఐడియా నాదే సిస్టరమ్మా" అని ఆయన అంటుంటే నేను పైట పట్టుకుని తలూపాను. ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం రెండు జెండాలూ తీసుకుని బస్సెక్కాను. కర్రలు పైకప్పుకు తగులుతుంటే పక్క సీటు ఆవిడ, "ఏ పార్టీ పాపా ఇది?" అని అడిగింది. పార్టీ కాదని కథంతా చెప్పాను. ఆవిడ అంతా విని, "అట్లయితే శెనక్కాయ పెట్టాల్సింది. ఉన్నోళ్లూ లేనోళ్లూ అందరూ తింటారు" అంది. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "చింతకాయ లేకుంటే కూరేంది, చారేంది?" అన్నాడు. డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "టీ గ్లాసు పెట్టండప్పా, గొడవుండదు" అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు నా కాపురం కుప్పంలో. (రంగుల సార్ ఊరే. అదెలా జరిగిందో ఆయన చెబితే ఒక రకంగా, నేను చెబితే ఇంకో రకంగా ఉంటుంది.) ఆ సాయంత్రం తలుచుకున్నప్పుడల్లా నాకు కనబడేది, ఒడిలో జెండాలు పెట్టుకుని, ఏడ్చి ఉబ్బిన కళ్లతో బస్సు మధ్యలో కూర్చున్న ఒక అమ్మాయి. శెనక్కాయా, చింతకాయా, టీ గ్లాసా అన్న సంగతి మదనపల్లె వచ్చేలోపు తేల్చేయడం తన బాధ్యతే అన్నట్టు, ఒక్కొక్కరి మాటా శ్రద్ధగా వింటోంది. బస్టాండులో అందరూ దిగిపోయాక కూడా, ఇంకా తేలలేదే అని కాసేపు అలాగే కూర్చుంది పిచ్చిది.