కొలతల తాత కొత్త బూట్లు

కొలతల తాతకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఊరికే మాత్రం పెట్టలేదు. పోయిన నెలలో బూట్లు కుట్టించుకున్న మనిషి మళ్ళీ వచ్చి "పాత కొలతే తాతా, కానిచ్చెయ్" అన్నాడంటే ఆయనకి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చేది. "నిన్నటి కాలు నిన్నటితోనే పోయింది. కూర్చో, మేజోళ్ళు విప్పు" అని కసిరేవాడు. బురద కాలైనా, చెమట కాలైనా ఒళ్ళో పెట్టుకుని, సన్నటి కాగితం పట్టీ చుట్టి, అంచు చించి గుర్తు పెట్టుకునేవాడు. తర్వాత గోడకి వేలాడుతున్న ఆ మనిషి చెక్క అచ్చు దించి, కాలు లావెక్కిన చోటల్లా తోలు ముక్క పెట్టి మేకులు కొట్టేవాడు. అచ్చు కాలికి సరిసమానం అయ్యాకే దాని మీద తోలు బిగించి కుట్టడం. వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు, విసుక్కుంటూనే మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

వీధి వైపు కిటికీ ఉన్న ఇరుకు గదే దుకాణం, తెర అవతల ఇల్లు. జిగురు వాసనకీ కూర వాసనకీ ఆ ఇంట్లో సరిహద్దు ఉండేది కాదు. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే భార్య పోయింది. ఒక మోకాలి మీద కొడుకునీ, ఇంకో మోకాలి మీద ఊళ్ళోవాళ్ళ కాళ్ళనీ పెట్టుకుని పెంచుకొచ్చాడు. ఏటా క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్ళకి తన చేత్తో కుట్టిన కొత్త జోడు ఇవ్వాల్సిందే, అది ఆయన పట్టు. తనకి మాత్రం కుట్టుకునేవాడు కాదు. ఎవరైనా అడిగితే "నా కాలికి తీరికెక్కడిది?" అని దబాయించేవాడు. పెళ్ళినాడు చెక్కించుకున్న ఆయన అచ్చు గోడ చివర దుమ్ము కొట్టుకుపోయి ఉండేది. పక్కలు కోసి వదులు చేసుకున్న పాత బూట్లతోనే కాలం వెళ్ళదీశాడు.

కొడుకు పెద్దవాడై పక్కనే పీట వేసుకున్నాడు. కోడలు వచ్చాక ఆమె కూడా దారానికి మైనం పట్టించడం, ఆరెతో తోలుకి బెజ్జాలు పొడవడం నేర్చుకుంది. నేర్పడమంటే ఆయన దృష్టిలో తిట్టడమే. "అవి చేతులా, చెక్కముక్కలా?" అని కొడుకుని, "అది కుట్టా, కప్ప గెంతా?" అని కోడలిని. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. చుట్టాలెవరైనా నొచ్చుకుంటే, "మామయ్య తిట్టలేదంటే నాకే భయం వేస్తుంది" అనేది కోడలు.

జ్వరమని పడుకున్న కొడుకు మళ్ళీ లేవలేదు. అక్కడితో ఆ ఇంట్లో తిట్లు కూడా ఆగిపోయాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆయన దుఃఖాన్ని ఎవరి ముందూ విప్పలేదు. కోడలిని ఏమీ అనలేకపోయాడు. కుట్టు వంకరపోతే "బాగుందమ్మా" అనేవాడు, ఆమె లోపలికి వెళ్ళాక విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఆమె కళ్ళున్న మనిషి, బెజ్జాలు చోటు మారితే తెలియదా? తెలిసేది. ఈ ఇంట్లో తానిక పని తెలిసిన మనిషీ కాదు, ఇంటి మనిషీ కాదు, జాలిపడి ఉంచుకున్న మనిషి అనుకుంది. క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒకరోజు, "పండగ వెళ్ళాక మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను మామయ్యా" అంది.

ఉండిపో తల్లీ అనాలని ఆయన గుండె కొట్టుకుంది. "నీ ఇష్టమమ్మా" అన్నాడు. నోరున్నా ఒక్కోసారి అక్కరకి రాదు. కోడలు పెట్టె సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది.

పండగ పొద్దున చర్చికి బయలుదేరబోతుంటే ఆమె ఒక గుడ్డమూట తెచ్చి ఆయన ముందు పెట్టింది. లోపల బూట్లు, కాఫీ రంగువి. ఆ తోలుని తాత చూడగానే గుర్తుపట్టాడు. అది కొడుకు ఏరికోరి తెచ్చి, "నీ జోడు ఆఖర్న, తీరిగ్గా కుడతా" అని భార్య కోసం దాచింది. వాడు పోయాక ఆమె దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"అదేంటమ్మా, అది వాడు నీకోసం..."

"దీన్ని నాకు కుడతానన్న మనిషి లేరు. మీకు ఇన్నేళ్ళలో ఎవరూ కుట్టలేదు" అంది ఆమె. "తొడగండి మామయ్యా."

తొడిగాడు. చిటికెన వేలి దగ్గర పట్టకారుతో నొక్కినట్టయింది. గోడ వంక చూశాడు. చివరన తన అచ్చు మీద దుమ్ము లేదు. సంగతి అర్థమైంది. ముందే తెలియకూడదని కొలత తీసుకోకుండా, పెళ్ళినాటి అచ్చు మీదే కుట్టేసింది పిచ్చిపిల్ల!

"సరిపోయాయా?"

"అతికినట్టు సరిపోయాయి."

బాగోలేదంటే ఆ పెట్టె ఇక తెరుచుకోదని ఆయన భయం. చర్చి దాకా నడిచాడు, పాటలన్నిటికీ లేచి నిలబడ్డాడు, మళ్ళీ నడిచి వచ్చాడు. దారిలో పక్కింటాయన "ఏం తాతా, పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నావ్!" అన్నాడు. ఆ పెళ్ళికొడుకు కొలతే ప్రాణం తీస్తోందని పక్కింటాయనకేం తెలుసు?

ఇంటికొచ్చాక కూడా బూట్లు విప్పలేదు. కోడలు తెర దగ్గర నిలబడి ఆయన పాదాలనే చూస్తోంది. ఇన్నేళ్ళు కాళ్ళ మధ్యే బతికిన మనిషి. పాదం లోపలి అంచు మీద బరువు వేసి నిలబడ్డాడంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పాలా?

"నిజంగా సరిపోయాయా మామయ్యా?"

"చెప్పాను కదమ్మా."

"మీ అబ్బాయి ఇలా కుట్టి ఉంటే మీరు విసిరికొట్టేవారు" అంది కోడలు నెమ్మదిగా. "నాకు మాత్రం బాగుందంటారు. ఏం కుట్టినా బాగుందంటారు."

ఆ గొంతులో కోపం లేదు, ఆశ వదిలేసుకున్న మనిషి గొంతు అది. తాత తలెత్తి ఆమె ముఖం చూశాడు. తాను మంచితనం అనుకుని ఇంతకాలం చేసిన పని ఈ పిల్లని గడప బయట నిలబెట్టిందని అప్పుడు తెలిసింది. పీట మీద కూలబడి బూట్లు ఊడదీశాడు. మేజోడు చివర ఎర్రగా తడిసింది.

"బుద్ధుందా నీకు?" ఇల్లు అదిరేలా అరిచాడు. "పెళ్ళినాటి అచ్చు మీద కుడతావా? ఇప్పుడు నా కాలు అంతే ఉందా? ఇన్నాళ్ళు నా పక్కన కూర్చుని నేర్చుకుంది ఇదా? నిన్నటి కాలు..."

"నిన్నటితోనే పోయింది" అంది కోడలు. అని ఏడ్చింది. ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. "తిట్టారు మామయ్యా. ఎన్నాళ్ళకి తిట్టారు!"

తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చింత చచ్చినా పులుపు చావదు కదా, బూటు తిప్పి తిప్పి చూస్తూ గొణిగాడు. "అంచుల్లో తోలు వదిలావ్ కాబట్టి బతికాం. అడుగు ఊడదీసి మళ్ళీ బిగించాలి. కుట్టు..." అని ఆగాడు. "కుట్టు బాగుంది. వాడి కుట్టు కన్నా బాగుంది."

ఈసారి అది జాలి మాట కాదని ఆమెకి తెలుసు. కాగితం పట్టీ తెచ్చి కింద కూర్చుని, మేజోడు విప్పి ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఊరందరి కాళ్ళూ పట్టుకున్న ఆ మనిషి కాలిని కొలతకని పట్టుకున్నవాళ్ళు పెళ్ళినాటి తర్వాత లేరు. ఆయన సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"కదలకండి" అని కసిరింది.

"ముందు ఏప్రాన్ కట్టుకో. పండగ చీరతో తోలు పని చేస్తావా?"

ఆమె ఏప్రాన్ గుమ్మం పక్కన సర్దిపెట్టిన పెట్టె అడుగున ఉంది. కోడలు వెళ్ళి పెట్టె తెరిచింది. పైనున్న చీరలు తీసి కుర్చీ మీద వేసింది, దుప్పటి తీసింది, భర్త ఫోటో తీసి గోడకి ఆనించింది. అడుగుదాకా అన్నీ తీస్తే గానీ అది దొరకలేదు. తాత ఒక కాలికి మేజోడుతో, ఒక కాలు ఉత్తిదిగా చాపుకుని, ఎంతసేపమ్మా అని అరుస్తూ కూర్చున్నాడు.