రాజేశం ఇంట్లో పాడిన పాట

2008, వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం. సిరిసిల్ల చర్చి. హాజరైనవారు: ఫాదర్, క్వయర్ నుంచి విమల, మేరీ, నేను, రాజేశం భార్య సుగుణ, వాళ్ల బంధువులు. రాజేశం ఇంకా రాలేదు.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. రాజేశం మస్కట్ నుంచి పెట్టెలో రావాలి. అక్కడి కూలీల క్యాంపు గదిలో నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పారు. కాగితాలు తయారయ్యేసరికి వారాలు గడిచాయి. పెట్టె హైదరాబాద్‌లో దిగిందని పొద్దున ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికి అంబులెన్స్ చేరుతుంది, రాగానే పూజ, ఆ వెంటనే సమాధి అనుకున్నాం.

నేను అప్పట్లో జగిత్యాలలో ఒక మిషన్ బడిలో సంగీతం మాస్టారుని. సెలవు రోజుల్లో బస్సెక్కి కోరుట్ల, సిరిసిల్ల చర్చిల్లో కూడా క్వయర్‌కు పాటలు నేర్పేవాణ్ణి. నాలుగు గొంతులతో పాడించడం నా పని. సొప్రానో, ఆల్టో ఆడవాళ్లవి. టెనర్, బేస్ మగవాళ్లవి. బేస్ అంటే అన్నిటికన్నా కింది గొంతు. ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు, లేనప్పుడు పాట బోసిపోతుంది.

సిరిసిల్లలో నా బేస్ రాజేశం. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. పొద్దంతా ఆ మోతలో పనిచేసి, సాయంత్రం వచ్చి స్వరం జారకుండా పాడేవాడు. సాంచెలు నాలుగు రోజులు నడిచి పది రోజులు ఆగే కాలం వచ్చాక అతను మస్కట్ వెళ్లిపోయాడు. అంతకుముందే ఇంకో బేస్ సాంచెల పనికే మహారాష్ట్రలోని భివండి చేరాడు. మిగిలినవాళ్లూ ఒకరి వెనక ఒకరు గల్ఫ్ పోయారు. ఏ దేశం పోయినా ఊళ్లో మాత్రం "దుబాయి పోయిండు" అనేవాళ్లు. చివరికి సిరిసిల్ల క్వయర్‌లో మగ గొంతు నాదొక్కటే మిగిలింది. నాది టెనర్.

మధ్యాహ్నం దాటినా అంబులెన్స్ రాలేదు. మేం పాటలు సరిచూసుకుంటుంటే సుగుణ వచ్చి హార్మోనియం పక్కన కూర్చుంది.

"సార్, ఆయన పాట ఎప్పుడు పాడుతరు?"

"ఏ పాట వదినె?" అంది విమల.

"పేరేందో ఎర్కలేదు. గిట్లుంటది." సుగుణ సన్నగా పాడింది. మాటలు సగం సగమే వస్తున్నాయి. ఒక స్వరం మీద చాలాసేపు నిలబడి, మెల్లగా కిందికి దిగి, మళ్లీ మొదటికే వచ్చింది.

అంత బాధలోనూ మేరీకి నవ్వాగలేదు. "గిదేం పాటనే వదినె? బాయిల బొక్కెన ఇడిసినట్టు కిందికే పోతున్నది. అన్న నిన్ను ఆటపట్టిచ్చిండేమో."

"ఏమో పిల్లా. సాంచెల మీదికెల్లి అచ్చి తానం చేసుకుంట గిదే పాడేది. మస్కట్‌కెల్లి ఫోన్‌ల గూడ గిదే. గీ ఒక్క పాటనేనా నీకు అచ్చేదని నేనే తిడుదును." ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

నాకు అప్పుడు తెలిసింది. ఆమె పాడింది పాట కాదు, పాటలో నాలుగో వంతు. నేను నాలుగు గొంతులకు కట్టిన పాట, మోటెట్ అంటాం, అందులో బేస్ భాగం అది. దాన్ని ఏటా ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో మూడు ఊళ్ల క్వయర్లు జగిత్యాలలో కలిసి పాడేవి. ఆడ గొంతులో వినేసరికి విమల, మేరీ కూడా గుర్తుపట్టలేదు. సుగుణ చిన్నపిల్లలతో సిరిసిల్లలోనే ఉండిపోయేది, ఆ పాట ఎన్నడూ పూర్తిగా వినలేదు. ఇంట్లో రాజేశం తన భాగమే సాధన చేసుకునేవాడు. ఆమెకు అదే పాట. ఆ రోజు తర్వాత నేను ఎవరికి ఏ భాగం నేర్పినా, ఇంట్లోవాళ్లను ఒక్కసారైనా తీసుకొచ్చి మొత్తం పాట వినిపించమని చెప్పేవాణ్ణి.

పూజ పాటలకూ మోటెట్‌కూ ఉన్న తేడా నాకు చేతనైనట్టు ఆమెకు చెప్పాను. దయచూపమని వేడుకోవడం, పరిశుద్ధుడని కీర్తించడం పూజలో భాగాలు. పెళ్లయినా చావైనా వాటి మాటలు మారవు. చావు పూజలో మహిమ గీతం మాత్రం పాడరు. మా చర్చిల్లో వాటికి తేలికైన వరుసలు కట్టుకున్నాం కాబట్టి క్వయర్‌లో ఎవరు లేకపోయినా జనం అందుకుంటారు. మోటెట్ అలా కాదు. ఒక రోజుకు, ఒక సందర్భానికి తగిన మాటలు ఏరుకొని గొంతులకు పంచి కట్టేది. పూజలో వీలున్నచోట పాడతారు, పాడకపోయినా పూజకు లోటు లేదు. కానీ దాన్ని జనం అందుకోలేరు. ఎవరి భాగం వాళ్లు పాడితేనే అది నిలబడుతుంది.

సుగుణ అంతా విన్నది. "అంటే ఆయన పాట లేకున్నా పూజ అయితది."

"అయితది బిడ్డా" అన్నాను.

"ఆయన లేకున్నా అయితది."



కాసేపటికి ఫోన్ వచ్చింది. కాగితాల మీద ఏదో ముద్ర పడలేదట, బండి తెల్లారే వస్తుందట. ఫాదర్‌కు మరునాడు చందుర్తి వైపు పల్లెల్లో పూజలున్నాయి. "ఇయ్యాల పూజ చేసుకుందామమ్మా. శవం లేకున్నా చెయ్యొచ్చు. రేపు పొద్దుగాల సమాధి కాడ ప్రార్థన చేసి పోత. ఆ పాట గూడ ఇప్పుడే పాడిద్దాం" అన్నారు.

"పూజ కానియ్యుండ్రి ఫాదర్. పాట మాత్రం ఆయన అచ్చినంకనే."

"రేపైనా కింది గొంతు ఎవలు పాడుతరు వదినె? ఎవ్వలు లేరు" అంది మేరీ. ఈసారి నవ్వలేదు.

కోరుట్లలో ఒక బేస్ మిగిలాడనుకొని అక్కడికి ఫోన్ చేశాను. అతని భార్య ఎత్తింది. "ఆయన పోయిన నెలనే ఖతర్ పోయిండు సార్. మీకు చెప్పలేదా?"

బల్ల మీద రాజేశం ఫొటో పెట్టి పూజ చేశాం. జనం అన్నీ అందుకొని పాడారు. ఎక్కడా ఏ లోటూ కనబడలేదు. నాకు ఆ రోజు అన్నిటికన్నా కష్టంగా తోచింది అదే.

మరునాడు పొద్దున సన్నటి వానలో అంబులెన్స్ నేరుగా సమాధుల దగ్గరికి వచ్చింది. పెట్టె తెరవొద్దన్నారు. ఫాదర్ ప్రార్థన ముగించి నా వైపు చూశారు. ఆ మోటెట్ మొదట్లో బేస్ ఒక్కటే పాడాలి, తర్వాతే మిగతా గొంతులు ఒక్కొక్కటీ చేరతాయి. ఆ కింది స్వరాలు నా గొంతుకు అందవు. రాజేశం పాడాల్సినంతసేపు ఊరుకొని, ఆ తర్వాత మేం ముగ్గురం ఎత్తుకుందామని విమలకు, మేరీకి ముందే చెప్పాను. చెయ్యెత్తి ఆగాను.

ఆ నిశ్శబ్దంలో పెట్టె మీద చెయ్యి ఆనించి సుగుణ మొదలుపెట్టింది. రాజేశం పాడే వరుసే, ఆమె గొంతులో. సమయానికి విమల అందుకుంది. తన పాట మీద ఇంకో పాట వచ్చి పడేసరికి సుగుణ ఉలిక్కిపడి ఆగబోయింది. ఆపొద్దని సైగ చేశాను. మేరీ చేరింది, నేను చేరాను. సుగుణ చివరి దాకా తన వరుస వదల్లేదు.

పాట అయిపోయింది. పెట్టెకు తాళ్లు కడుతున్నారు. ఆమె చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగింది.

"గింత పెద్ద పాటనా సార్ గిది?" అంది. "ఇంట్ల ఒక్కడే పాడేది."