మా నాయనకు వాళ్ళమ్మను చూపించిన నారాయణమ్మత్త

నిన్న పొద్దున ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

నారాయణమ్మత్త ఇక లేదు.

మొన్న ఆదివారమే గదా మాట్లాడింది! "ఏమ్మే కోడలా, తింటివా?" అని ఎప్పటిలాగే అడిగింది. ఆ గొంతు ఇంక వినపడదంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఈమె ఎవరో నా ఫ్రెండ్స్‌లో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాది చిక్కమగళూరు కాఫీ తోటల్లో పెరిగిన కుటుంబం. మా తాత తిమ్మప్పది అనంతపురం జిల్లా. ఒక కరువులో భార్య చనిపోతే, చిన్నపిల్లవాడైన మా నాయనను చంకనేసుకుని కూలికి తోటలకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊరి మాట ఎత్తలేదు.

నాయనకు తెలిసింది రెండే. వాళ్ళమ్మ పేరు సుబ్బమ్మ. ఊరు చిలమత్తూరు దగ్గర ఎక్కడో.

ఒక్క ఫోటో కూడా లేదు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక ఎండాకాలం ఇద్దరం వెతుక్కుంటూ వచ్చాం. రెండు ఊళ్ళలో అడిగితే తెలియదన్నారు. నాయన "పోదాం పద, మనకెవరూ లేరు" అన్నాడు.

మూడో ఊళ్ళో అరుగు మీద ఒకామె విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఎవరప్పా మీరు? ఇంత ఎండలో యాడికి పోతాండారు?"

మేం జవాబు చెప్పేలోపే చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాయన చెంబు అందుకుని తాగుతూ, తన తండ్రి తిమ్మప్ప అనీ, కాఫీ తోటలకు పోయాడనీ చెప్పాడు.

ఆమె నాయన ముఖం చూడలేదు. చెంబు పట్టుకున్న ఎడమచెయ్యి చూసింది.

"నువ్వు సుబ్బమ్మ చిన్నమ్మ కొడుకువేనప్పా! ఆయమ్మది గూడా పుర్రచెయ్యే. రాగులు ఇసిరినా, కసువు కోసినా ఆ చేత్తోనే!"

ఎడమచేత్తో అన్నం తింటాడని చిన్నప్పుడు మా నాయన తిన్న దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. ఆ రోజు తన చెయ్యి తనే చూసుకుంటూ ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆమే నారాయణమ్మత్త. మా అవ్వ సుబ్బమ్మకు అక్క కూతురు. నాయనకు అక్క.

సాయంత్రం మమ్మల్ని చేను గట్టుకు తీసుకెళ్ళింది. రాళ్ళు పేర్చిన చిన్న సమాధి. సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

"పెద్దల పండక్కి ఏటా నేనే కొడతాండా. మా చిన్నమ్మకు ఇంగెవరుండారప్పా?"

తర్వాత పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ చేను వేరేవాళ్ళ చేతికి పోయాక, చదును చేయడానికి ట్రాక్టర్ వచ్చిందట. అత్త వెళ్ళి దాని ముందు కూర్చుందట.

"ఈ రాళ్ళ మింద తోలేదుంటే ముందు నా మింద తోలు."

డ్రైవర్ రివర్స్ చేసుకుని పోయాడట.

మేమొస్తామని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వస్తామని ఎదురుచూడనూ లేదు. అయినా కాపాడింది.

ఆ తర్వాత మా నాయన మారిపోయాడు. నలుగురిలో కూర్చున్నప్పుడు "మా అమ్మ ఉండేది చూడండీ" అని మొదలుపెట్టి అత్త చెప్పిన కథలన్నీ చెప్పేవాడు. అమ్మ గురించి చెప్పుకోవడానికి ఆయనకు అప్పటిదాకా ఒక్క మాట కూడా లేదు.

నిన్న మేము వెళ్ళేసరికి అత్తను పూలతో కప్పేశారు. నాయన దగ్గరికి వెళ్ళి "అక్కా" అని ఒక్కసారి పిలిచాడు. అంతే.

థ్యాంక్స్ అని నీకెప్పుడూ చెప్పలేదత్తా. చెప్పినా "అదేం మాటమ్మే" అని కసురుకునేదానివి.

వెళ్ళిరా అత్తా. ఎండల్లో చాలా తిరిగావు. ఇంక చల్లగా పడుకో.