దుమ్ము తూచే మాస్టారు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆఫీసులో మాత్రం దుమ్ము మాస్టారంటే తప్ప ఎవరికీ తెలియదు. ఇరవయ్యారేళ్లుగా ఆయన చేసిందల్లా నగరపు గాలిలో ఎంత దుమ్ముందో తూచి ఒక అంకె రాయడం.

నాలుగురోడ్ల కూడలిలో, బడి ప్రహరీని ఆనుకుని, ఇనప మెట్ల మీద రేకుల గూడులాంటి యంత్రం ఒకటి ఉండేది. కప్పు ఎత్తితే లోపల నోటుబుక్కు పేజీ అంత తెల్లకాగితం. యంత్రం రాత్రింబవళ్లు గాలి పీలుస్తుంది, దుమ్మంతా కాగితానికి పట్టుకుంటుంది. పొద్దున్నే మాస్టారు మెట్లెక్కి, ఆ కాగితాన్ని పటకారుతో తీసి, మసి లోపలివైపు ఉండేలా మడిచి కవర్లో పెట్టుకునేవారు. ఆఫీసుకు తెచ్చి, తేమ పీల్చే గాజుపెట్టెలో ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు తూచేవారు. తూచే గదిలో ఫ్యాను వేయకూడదు. గట్టిగా ఊపిరి వదలకూడదు. తుమ్ము వస్తే బయటికి పరుగెత్తాల్సిందే. ఒక ఎండాకాలం పెద్దసారు ఆ గదిలోకి వచ్చి "అబ్బ, ఏం ఉక్కయ్యా" అంటూ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యేస్తే, మాస్టారు ఆ చేతి మీద ఒకటి వేసినంత పని చేశారు. అలాంటి మనిషికి ప్రమోషన్ ఎవరిస్తారు?

గాలి అంకె వంద దాటకూడదని రూలు. కూడలి అంకె మూడు వందలకు దిగిన పాపాన పోలేదు. నగరం పెరుగుతోంది మరి. పెరగడానికి ఇసుకా కంకరా కావాలి, అవి మోసే లారీలన్నిటికీ ఆ కూడలే దారి.

ఆ బడిలోనే మాస్టారి మనవరాలు ఒకటో తరగతి. ఆరేళ్ల పిల్ల, ఊపిరి తీస్తే గొంతులో పిల్లికూతలు. పుస్తకాల సంచిలో పెన్సిళ్లతో పాటు ఇన్‌హేలరు. మాస్టారి కూతురు ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నాన్నా, నువ్వు తూచేదంతా దీని గుండెల్లోకే పోతోంది. తూచడం తప్ప ఇంకేం చేయరా మీ ఆఫీసువాళ్లు?"

"తూస్తేనే కదమ్మా, ఏదైనా చేసేది" అన్నారు మాస్టారు. ఆయన నిజంగానే అలా నమ్మారు. ఆ లారీలు బడి ముందు నుంచి తప్పుకోవాలి, పిల్ల హాయిగా ఊపిరి తీయాలి. ఇంతకు మించి ఆయనకు కోరికలంటూ లేవు.

అంతలో మంచి గాలి ఉన్న నగరాలకు బహుమతి ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. పెద్దసారు మాస్టారిని పిలిపించారు.

"మాస్టారూ, మీ అంకె మన పరువు తీస్తోంది. కాస్త తగ్గించండి."

"తగ్గించాల్సింది లారీలనండి."

"లారీలు నా చేతిలో లేవయ్యా. యంత్రం నా చేతిలో ఉంది."

వారం తిరిగేసరికి యంత్రం మెట్లతో సహా పెద్దసారి వీధికి చేరింది. రెండు వైపులా చెట్లు, రోజుకు నాలుగు కార్లు, వాటిలో రెండు పెద్దసారివే. అంకె అరవై రెండు వచ్చింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే తాగింది, దానికి బహుమతి కూడా ఇచ్చారు! ఫొటోలో పెద్దసారి పక్కన మాస్టారు కూడా ఉన్నారు, పన్ను పీకించుకుని వచ్చినవాడిలా.

అయితే అదే భవనంలో, కింది అంతస్తులో ట్రాఫిక్ విభాగం ఉంది. పై అంతస్తులో ఏం జరుగుతుందో కిందివాళ్లు అడగరు, వీళ్లు చెప్పరు. గాలి బాగున్న చోటికే పెద్ద బండ్లను మళ్లించాలని వాళ్ల దగ్గర ఒక రూలుంది. వాళ్లు అంకెల పట్టిక తీశారు. నగరం మొత్తానికి ఉన్నది ఒకే యంత్రం, ఒకే వీధి. వంద దాకా పట్టే గాలిలో అరవై రెండే నిండింది, ఇంకా ముప్పై ఎనిమిది ఖాళీ. మర్నాటి నుంచి ఇసుక లారీలూ కంకర లారీలూ పెద్దసారి గేటు ముందు నుంచి బారులు తీరాయి. గాలిన పోయే కంపను తగిలించుకోవడమంటే ఇదే.

కూడలి ఖాళీ అయింది. రెండు వారాలకు మనవరాలి పిల్లికూతలు ఆగాయి. ఒక సాయంత్రం ఆ పిల్ల బడి నుంచి ఇంటిదాకా ఆగకుండా పరుగెత్తి, రొప్పకుండా గుమ్మంలో నిలబడి నవ్వింది. కూతురు వంటగదిలోకి పోయి కళ్లు తుడుచుకుంది. తన ఇరవయ్యారేళ్ల నిజం చేయలేని పని పెద్దసారి ఒక్క మోసం చేసిపెట్టిందని మాస్టారికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అయినా సంతోషమే ఎక్కువ.

అక్కడ పెద్దసారి ఇంట్లో అందరూ దగ్గుతున్నారు. అంకె రెండు వందల తొంభై. నెల తిరక్కుండానే ఆయన కబురు పెట్టారు.

"యంత్రం మళ్లీ కూడలికి మార్చండి. అక్కడి గాలి ఇప్పుడు బాగుందని తేలితే లారీలు అక్కడికే పోతాయి. రూలు రూలే కదా."

కూడలిలో తీసిన మొదటి కాగితం దాదాపు తెల్లగానే ఉంది. ఒకరోజు ఆరబెట్టి తూచారు. ఎనభై. తలుపులన్నీ మూసిన గదిలో మాస్టారికి చెమటలు పట్టాయి. ఈ అంకె రాస్తే లారీలు రేపే బడి ముందుకొస్తాయి.

పాత కాగితాలను ఏడాది దాకా దాచాలన్నది నియమం. మాస్టారు బీరువా తెరిచి, లారీల కాలం నాటి కవరు ఒకటి తీశారు. మసిపట్టిన ఆ కాగితాన్ని తూచి, మూడు వందల పన్నెండు అని రాశారు. ఇరవయ్యారేళ్లలో మొదటి అబద్ధం. ఇంత చెడ్డ గాలిలోకి ఇంకో లారీని ఏ రూలు పంపుతుంది?

పెద్దసారు అంకె చూసి కళ్లద్దాలు తీశారు. మొహం వెలిగిపోయింది.

"చూశారా మాస్టారూ! లారీలు పోయి నెలైంది, అంకె కదల్లేదు. అంటే తప్పు లారీలది కాదన్నమాట! పాపం, వాటిని ఉత్తపుణ్యానికి మా వీధికి తోలారు. రేపటి నుంచి మళ్లీ కూడలి మీదుగానే."

"సార్... ఆ కాగితం ఇంకోసారి తూస్తానండి. ఎక్కడో పొరపాటు జరిగింది."

"పొరపాటా? మీరా?" పెద్దసారు లేచి వచ్చి భుజం తట్టారు. "ఇరవయ్యారేళ్లలో ఒక్క తప్పు అంకె రాశారా మీరు? ఇంకెవరు తూచినా నేను నమ్మేవాణ్ని కాదు." అని, గాలికీ లారీలకూ సంబంధం లేదు కాబట్టి మళ్లింపు రూలు అక్కర్లేదని ట్రాఫిక్ విభాగానికి రాసి సంతకం పెట్టేశారు.

మర్నాడు మనవరాలిని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తుంటే కూడలి నిండా లారీలు. పిల్ల అప్పుడే దగ్గుతోంది.

"తాతా, ఇవి మళ్లీ వచ్చాయేం? ఎవరు పంపారు?"

దుమ్ము మాస్టారు జేబురుమాలు తీసి పిల్ల ముక్కుకు అడ్డంగా కట్టారు.

"నేనేనమ్మా" అన్నారు.